పాఠకుల ప్రశ్నలు: విమానాలు దిగే షిప్పుకి స్పేర్ పార్ట్ ఎక్కడిది?

ప్రశ్న: అన్నా, రాణిగంజ్‌ల మాది స్పేర్ పార్ట్స్ షాపు. పాత లారీకి పార్ట్ దొరక్కపోతే లేత్ మీద తిప్పిచ్చి ఇస్తం. మరి నేవీల విమానాలు దిగే షిప్పులు ఏండ్లకేండ్లు నడుస్తయ్ కదా, వాటికి పార్ట్‌లు ఏడికెళ్ళి వస్తయ్?
– సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: అన్నా, మీకు రోజూ ఎదురయ్యే కష్టమే అక్కడా ఉంటుంది, కాకపోతే ఆ పార్ట్ కోసం దేశమే ఎదురు చూడాల్సొస్తుంది. మన మొదటి విక్రాంత్ సంగతే తీసుకోండి, బ్రిటన్‌లో 1943లో మొదలుపెట్టి రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే మధ్యలో వదిలేసిన షిప్పు అది, మనం కొని పూర్తి చేయించుకున్నాం, 1961లో నేవీలో చేరింది. 1970లో దాని బాయిలర్ల వాటర్ డ్రమ్ముల్లో పగుళ్ళు బయటపడ్డాయి, వెల్డింగ్‌తో అతికే పగుళ్ళు కావవి, ఇక్కడ ఆ డ్రమ్ములు దొరకవు, బ్రిటన్‌కి ఆర్డర్ పెట్టారు. అవి రాకముందే 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం ముంచుకొచ్చి బాయిలర్లు వెలిగించాల్సొచ్చింది, అదీ ప్రెషర్ తగ్గించి. ఆవిరి తగ్గితే స్పీడ్ తగ్గుతుంది, స్పీడ్ తగ్గితే డెక్ మీద ఎదురుగాలి తగ్గుతుంది, విమానం లేవాలంటే ఆ గాలి కావాలి, పైగా విమానాన్ని ముందుకి విసిరే కేటపుల్ట్ నడిచేది కూడా ఆ ఆవిరితోనే. అలాంటి షిప్పు మీంచి ఆ డిసెంబర్ 4న సీహాక్ యుద్ధ విమానాలు లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. ఆ ఇంజన్ రూమ్‌లో పనిచేసినవాళ్ళ గురించి మనం చాలా తక్కువ చెప్పుకుంటాం, నాకది బాధే.

ఇంకో దారి మీకు బాగా తెలిసిందే, ఒక బండి విప్పి ఇంకో బండికి పెట్టడం. బ్రిటన్ పక్కన పెట్టేసిన 72 హారియర్ విమానాల్ని 2011లో అమెరికా కొనేసింది, ఎక్కువగా పార్ట్‌ల కోసమే. విక్రాంత్‌ని 2014లో తుక్కుకి అమ్మేశాక ఆ ఇనుములో కొంత కరిగించి బజాజ్ వాళ్ళు వి అనే బైక్ ట్యాంకులో వాడారు, ఆ బండి మీ షాపు ముందు కూడా ఆగే ఉంటుంది.

ప్రశ్న: ఆ షిప్పుల మీద టవర్ ఎప్పుడూ కుడివైపే ఎందుకుంటుందండీ? రన్‌వే ఏమో వంకరగా ఉంటుంది.
– ఇంజనీరింగ్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: 1918లో వచ్చిన బ్రిటన్ షిప్పు ఆర్గస్‌కి అసలు టవరే లేదమ్మా, పైనంతా చదునే. అప్పటి విమానాల ఇంజన్ తిరిగే తీరుకి ఎడమకి తిరగడం తేలిక, దిగడం కుదరకపోతే పైలట్ ఎడమకే తిప్పేవాడు, అందుకని టవర్‌ని కుడికి జరిపారు. జపాన్ వాళ్ళు అకాగి, హిర్యు షిప్పులకి ఎడమవైపు పెట్టి చూశారు కానీ అది నిలబడలేదు.

వంకర రన్‌వే 1951లో బ్రిటిష్ అధికారి డెనిస్ క్యాంబెల్ ఆలోచన. అంతకుముందు తిన్నగా దిగే విమానం దాన్ని ఆపడానికి డెక్ మీద అడ్డంగా కట్టిన తీగని అందుకోకపోతే ఎదురుగా నిలబెట్టిన విమానాల్లోకే దూసుకుపోయేది. దారిని కాస్త ఎడమకి వంచితే తీగ తప్పినా మళ్ళీ గాల్లోకి లేచిపోవచ్చు. మన పాత విక్రాంత్ మధ్యలో ఆగిపోవడం ఇక్కడ కలిసొచ్చింది, పూర్తి చేసేటప్పుడు వంకర డెక్కూ ఆవిరి కేటపుల్టూ రెండూ పెట్టించుకోగలిగాం.

ప్రశ్న: కొత్త విక్రాంత్‌లో మన హైదరాబాద్ పని ఏమన్నా ఉందా? సముద్రమే లేదు కదా మనకు.
– పాఠకుడు, సంతోష్‌నగర్

జవాబు: చాలా ఉందండీ, అదీ మీ ఇంటికి దగ్గర్లోనే. కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్ఎల్ అనే రక్షణ శాఖ లోహాల ల్యాబ్, ప్రభుత్వ స్టీల్ కంపెనీ సెయిల్‌తో కలిసి డీఎంఆర్ 249 అనే స్టీల్ తయారుచేసింది, ఏ రకం షిప్పు ఒంటికి, బి రకం విమానాలు దిగే డెక్‌కి. బయటనుంచి స్టీల్ రావడం కష్టమైనప్పుడు పుట్టిన పని అది. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నేవీలో చేరిన ఆ షిప్పుకి దాదాపు 30,000 టన్నుల స్టీల్ పట్టింది. 1970లో డ్రమ్ముల కోసం బ్రిటన్‌కి రాసినట్టు కాదు, రేపు దీనికో ప్లేటు మార్చాలంటే సెయిల్ ప్లాంట్లున్న భిలాయ్‌కో బొకారోకో రూర్కెలాకో ఫోన్ చేస్తే చాలు.