చర్చావేదిక చేరుస్తారా? ముందు లాగిన్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మిద్దె తోటల మీద నాలుగేళ్లుగా వర్డ్‌ప్రెస్‌లో సైటు నడుపుతున్నాను. 700 మంది సభ్యులున్నారు. వాళ్లు తమలో తాము చర్చించుకునే వేదికను ఇదే సైటుకు జోడించాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? అందరూ మళ్లీ ఖాతా తెరవాల్సిందేనా? నాది షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది).

జవాబు: మీ రెండో ప్రశ్న తేలితే మొదటిది సగం తేలినట్టే. సభ్యుల వివరాలన్నీ ఇప్పటికే వర్డ్‌ప్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయి కాబట్టి, వాటినే వాడుకునే బీబీప్రెస్ అనే చర్చావేదిక ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు జోడించే అదనపు సాఫ్ట్‌వేర్) మీకు సరిపోతుంది. 2011లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి అది ప్లగిన్‌గానే పనిచేస్తోంది. చర్చలను కూడా వర్డ్‌ప్రెస్ వ్యాసాలుండే పట్టికలోనే భద్రపరుస్తుంది. కొత్త ఖాతాలు అక్కర్లేదు, హోస్టింగ్ మార్చనక్కర్లేదు. చూడటానికి కాస్త పాతకాలపు వాసన కొడుతుందన్నది మాత్రం నిజం.

ఆ రూపం నచ్చనివారు సాధారణంగా డిస్కోర్స్ అనే మరో చర్చావేదిక సాఫ్ట్‌వేర్ వైపు చూస్తారు. దాని అధికారిక ఇన్‌స్టలేషన్‌కు డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసినవన్నీ కలిపి ఒక పెట్టెలా నడిపే సాధనం) కావాలి, కనీసం 1 జీబీ ర్యామ్ ఉన్న సొంత సర్వర్ కావాలి. షేర్డ్ హోస్టింగ్‌లో కుదరదు. వేరే సర్వర్‌లో పెట్టి, మీ డొమైన్‌కే ఒక సబ్‌డొమైన్ ఇచ్చి, డిస్కోర్స్‌కనెక్ట్ అనే ఏర్పాటుతో లాగిన్‌ను కలపవచ్చు. సభ్యుడు వేదికలోకి వెళ్లబోతే డిస్కోర్స్ అతన్ని మీ సైటుకు పంపుతుంది. మీ సైటు అతని గుర్తింపు సంఖ్యనూ ఈమెయిల్‌నూ, రెండు వైపులా ఉన్న ఒకే రహస్య కీతో సంతకం చేసి తిప్పి పంపుతుంది. ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. మీ సైటు పంపిన ఈమెయిల్‌ను డిస్కోర్స్ నమ్ముతుంది. నమోదు ఫారంలోనే పాస్‌వర్డ్ పెట్టుకోనిచ్చి, ఈమెయిల్‌ను నిర్ధారించకుండా వదిలేసే ప్లగిన్ మీ దగ్గర ఉంటే, ఎవరైనా మీ ఈమెయిల్‌తో నమోదై వేదికలో మీ అడ్మిన్ ఖాతాలోకే దూరవచ్చు. కాబట్టి కలపడానికి ముందు ఆ నిర్ధారణ జరుగుతోందో లేదో పరీక్షించండి.

వేరే డొమైన్‌లోని వేదికను ఐఫ్రేమ్‌లో (ఒక పేజీలో మరో సైటును చూపే చట్రంలో) అతికించే అడ్డదారి మాత్రం వద్దు. అలా అతికించిన వేదిక లాగిన్‌ను గుర్తుంచుకోవడానికి బ్రౌజర్‌లో దాచే సమాచారాన్ని, అంటే థర్డ్ పార్టీ కుకీలను, సఫారీ బ్రౌజర్ 2020 నుంచి పూర్తిగా అడ్డుకుంటోంది. ఐఫోన్ వాడేవారికి లాగిన్ నిలవదు.

బీబీప్రెస్‌ను ముందు సైటు నకలు మీద ప్రయత్నించి, స్పామ్‌ను ఆపే అకిస్మెట్‌ను కూడా ఆన్ చేయండి. మొదట్లో రెండు విభాగాలు చాలు; పది తెరిస్తే ఎనిమిది ఖాళీగా కనిపిస్తాయి. రేపు సభ్యులు పెరిగి డిస్కోర్స్‌కు మారాలనిపించినా, బీబీప్రెస్ చర్చలను అందులోకి తరలించే స్క్రిప్టు ఎలాగూ ఉంది.