సంతకం పెట్టే ముందు నాకు చూపించు

చి. అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు బ్యాండు పెట్టావనీ, హైదరాబాదులో పబ్బుల్లో, టికెట్ షోల్లో సినిమా పాటలు వాయిస్తావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషమూ భయమూ కలిసి ఆ రాత్రి నిద్రే పట్టలేదురా.

రిహార్సళ్లు, అడ్వాన్సు, సౌండు వాళ్లతో బేరం నీకు తెలిసినవే. పాటల హక్కుల గురించి మాత్రం "అందరూ వాయిస్తున్నారు, ఎవరడుగుతారు మామయ్యా?" అన్నావే, నీ వయసులో నాదీ అదే మాట.

మా ఆర్కెస్ట్రా రోజుల్లో ఓ క్లబ్బులో డిసెంబరు 31 రాత్రి షో. లైసెన్సు సంగతి తాము చూసుకుంటామన్నారు నిర్వాహకులు. సౌండ్ చెక్ మధ్యలో ఇంగ్లీషు కాగితం తెచ్చి కీబోర్డు మీద పెడితే చదవకుండానే సంతకం గీకేశాను. అనుమతులన్నీ ఆర్కెస్ట్రా బాధ్యతే అని అందులో ఓ లైను ఉందట. నెల తిరక్కుండా లైసెన్సు లేకుండా పాటలు వాయించారని నోటీసు వచ్చింది. సంతకం నీదే కదా అన్నారు నిర్వాహకులు, మిగతా డబ్బులూ ఆపేశారు. డోలక్ అతను మా గుమ్మంలో కూర్చున్నాడు, ఇంట్లో పసిపిల్ల ఉందన్నాడు. మీ అమ్మ చేతిరుమాల్లో చుట్టిన రెండు గాజులు నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. అవి కుదువ నుంచి విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఎవరడిగినా "బిగువైపోయాయి, అందుకే తీసేశా" అనేది.

కాబట్టి విను. సాహిత్యానికీ సంగీతానికీ లైసెన్సు ఇచ్చేది ఐపీఆర్ఎస్, అంటే పాటల రచయితల, స్వరకర్తల హక్కులు చూసే సంఘం. మామూలుగా నిర్వాహకులో పబ్బు వాళ్లో తీసుకుంటారు. ఆ కాపీ నీ చేతికొచ్చాకే స్టేజీ ఎక్కు. బ్రేకులో రికార్డు పాటలు వేస్తే అది వేరే హక్కు, దానికి రికార్డింగుల హక్కులు చూసే పీపీఎల్ లాంటి సంస్థల వాళ్లు అడుగుతారు. పెళ్లి వేడుకలకు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపుంది, టికెట్ షోకి లేదు. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అన్నమయ్య పదం అందరిదే, కానీ ఈ కాలంలో దానికి కట్టిన వరస కట్టినవారిది. 2017లో అమెరికా టూరులో ఉన్న బాలుగారికే, తన గొంతుతో పాడిన పాటల మీదే, ఇళయరాజాగారి తరఫున నోటీసు వెళ్లింది. ఇక మనమెంతరా?

లైసెన్సుకు కట్టే డబ్బును దండుగ అనుకోకు. 2012 సవరణ తర్వాత రాయల్టీలో తన వాటాను రచయిత వదులుకుంటానన్నా చట్టం ఒప్పుకోదు. షో అయ్యాక పాడిన పాటల పట్టిక ఐపీఆర్ఎస్‌కు చేరేలా తప్పకుండా ఇవ్వు. పట్టిక లేకపోతే ఎవరి పాటకు ఎవరి డబ్బో ఎలా తేలుతుంది? స్టేజీ మీద రాసినవారి పేరు కూడా చెప్పు. మేం ఎప్పుడూ గాయకుడి పేరే చెప్పేవాళ్లం, అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అగ్రిమెంటు రాగానే వాట్సాప్‌లో పంపు, అర్ధరాత్రయినా సరే. ప్రతి లైనూ చదువుతాను. మొదటి షోకి మీ అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టు. ఆ గాజులు వేసుకొని రమ్మని నేను చెప్తాను.

మీ మామయ్య