పాత పెర్ల్ స్క్రిప్ట్ కొత్త సర్వర్‌లో ఎందుకు మొండికేస్తోంది? ముందు ఎక్కడ చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సొసైటీ సభ్యుల పొదుపు రిపోర్టు తీసే స్క్రిప్ట్, అంటే పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం, సెంటోస్ 7 (ఒక రకం లైనక్స్) సర్వర్‌లో ఏళ్ల తరబడి నడిచింది. రాసినాయన వెళ్లిపోయారు. సర్వర్‌ని డెబియన్ 12 అనే ఇంకో రకం లైనక్స్‌కి మార్చగానే ముందు 'కాంట్ లొకేట్' (ఫైల్ దొరకలేదు) అనే ఎర్రర్ వచ్చింది. అది దాటితే తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులయ్యాయి. మొత్తాలు తక్కువ చూపిస్తున్నాయి, ఊళ్ల వరస రోజుకో రకంగా వస్తోంది. 'పెర్ల్ పాడైందా? మొత్తం పైథాన్‌లో రాసేయమంటారా?' అని అడిగారు.

ఇప్పుడే రాయకండి. డేటాలో ఏముందో తెలియకుండా పైథాన్‌లో రాస్తే ఇవే తప్పులు అక్కడా వస్తాయి, కాకపోతే వేరే వేషంలో వస్తాయి. పన్నెండేళ్లుగా ఇలాంటి పాత స్క్రిప్టులే నా కూడు. పెర్ల్ దానంతటది పాడవడం నేను చూడలేదు. దానికున్న చెడ్డ అలవాటు ఒకటే, అడగకపోతే నోరు విప్పదు.

ఇంకో మాట. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను, అందుకని కోడ్‌ని కూడా పలికినట్టే రాస్తున్నాను. మీరు ఇంగ్లీషులోనే కొట్టాలి.

సెంటోస్ 7లో ఉండేది పెర్ల్ 5.16. డెబియన్ 12లో ఉన్నది 5.36. ఈ రెంటి మధ్యా మీకు తగిలే మార్పులు కొన్ని జరిగాయి. 2017లో వచ్చిన 5.26 నుంచి, పెర్ల్ మాడ్యూళ్లు (విడిగా రాసిపెట్టుకున్న కోడ్ ఫైళ్లు) వెతికే జాబితాలోంచి 'ప్రస్తుత ఫోల్డర్' తీసేశారు. ఆ జాబితాలో దాని గుర్తు ఒక చుక్క. స్క్రిప్ట్ పక్కనే మీ సొంత మాడ్యూల్ ఫైల్ ఉన్నా ఇప్పుడది కనిపించదు. అడ్మిన్ ఏదో ఫోల్డర్‌లో నిలబడి కమాండ్ కొడితే, అక్కడ ఎవడో పెట్టిన అదే పేరున్న ఫైల్ నడిచిపోయే ప్రమాదం ఉండేది. అందుకే తీశారు. దానికి మందు 'ఫైండ్‌బిన్' మాడ్యూల్, 'యూజ్ లిబ్' కలిపి స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌ని చేర్చుకోవడం. నెట్‌లో 'పెర్ల్ యూజ్ అన్‌సేఫ్ ఇంక్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని (స్క్రిప్ట్ బయట పెట్టే సెట్టింగ్) 1 చేయమని చెప్తారు. పనిచేస్తుంది. కానీ పేరులోనే 'అన్‌సేఫ్' అని ఉంది, ఇవాళ్టి గండం గడవడానికే వాడండి.

ఇక్కడే ఒక గుంట ఉంది. సెట్టింగుల ఫైల్‌ని 'రిక్వైర్' కాకుండా 'డూ'తో పిలిచి ఉంటే, ఆ ఫైల్ దొరక్కపోయినా స్క్రిప్ట్ ఆగదు. ఒక వార్నింగ్ పడేసి, సెట్టింగులన్నీ ఖాళీగా పెట్టుకుని ముందుకెళ్లిపోతుంది. ఫైల్ పేరు ముందు చుక్క, స్లాష్ చేర్చితే సరి. ఎర్రర్‌లో 'సీజీఐ' అన్న పేరు కనిపిస్తే మాత్రం కారణం వేరే. ఆ మాడ్యూల్‌ని 5.22లో పెర్ల్ మూటలోంచే తీసేశారు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. పాత సర్వర్ నుంచి మాడ్యూళ్ల ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకొచ్చి ఉంటే అది వెంటనే తీసేయండి. వాటిలో సీ భాషలో కంపైల్ చేసినవి కొత్త పెర్ల్‌కి అతకవు.

ఊళ్ల వరస గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. హ్యాష్‌కి, అంటే పేరు చెబితే విలువ ఇచ్చే పట్టికకి, వరస అంటూ ఎప్పుడూ లేదు. 5.16లో ప్రతిసారీ ఒకేలా వచ్చేది కాబట్టి మీ స్క్రిప్ట్ రాసినాయన దాన్ని నమ్ముకున్నారు. 2013లో 5.18 నుంచి నడిపిన ప్రతిసారీ పెర్ల్ ఆ వరసని కావాలనే తారుమారు చేస్తుంది. హ్యాష్‌లోని పేర్లు తీసే 'కీస్' ముందు 'సార్ట్' అని ఒక్క మాట చేర్చండి.

ఇక తెలుగు. మీరు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగాను: 'తెలుగు వస్తుందో రాదో అని ముందుజాగ్రత్తగా బిన్‌మోడ్ లైన్ చేర్చాను' అన్నారు. బిన్‌మోడ్ అంటే బయటికెళ్లే అక్షరాలని ఎలా రాయాలో చెప్పే లైన్. చెడగొట్టింది ఆ ముందుజాగ్రత్తే. పాత స్క్రిప్ట్ ఫైల్‌లోని బైట్లని బైట్లుగానే చదివి బైట్లుగానే బయటికి తోసేది. లోపల ఉన్నది తెలుగని దానికి తెలియదు, తెలియకపోయినా తెరమీద బాగానే కనిపించేది. మీరు బయటి గుమ్మం దగ్గర మాత్రం 'అక్షరాలను యూటీఎఫ్-8గా మార్చి పంపు' అన్నారు. యూటీఎఫ్-8 అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి. లోపలికొచ్చేవి అప్పటికే యూటీఎఫ్-8. పెర్ల్ ఒక్కో బైటునీ ఒక్కో అక్షరం అనుకుని మళ్లీ మార్చింది.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. మొదటి రెండు బైట్లు ఎప్పుడూ ఒకే రెండు జతల్లో ఒకటి. అందుకే రెండుసార్లు మారిన తెలుగులో నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు 'ఏ' (à), దాని పక్కనే ° గానీ ± గానీ, పదేపదే కనిపిస్తాయి. ఆ జత కనపడిందంటే ఫాంట్‌ని తిట్టుకోకండి, ఎక్కడో ఒకసారి ఎక్కువ మార్చేశాం అని అర్థం.

లోపలికొచ్చేటప్పుడు డీకోడ్ (బైట్లని అక్షరాలు చేయడం), బయటికెళ్లేటప్పుడు ఎన్‌కోడ్ (అక్షరాలని బైట్లు చేయడం), ఈ రెండూ ఉండాలి, లేదా రెండూ ఉండకూడదు. రెండూ పెట్టడమే మంచిది. 'యూజ్ ఓపెన్' అన్న లైన్‌లో కోలన్ ఎస్‌టీడీ, కోలన్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇస్తే ఆ ఫైల్‌లో తెరిచే వాటికీ, తెరమీద ప్రింట్ చేసేవాటికీ కలిపి ఒక్కదెబ్బతో సరిపోతుంది. అప్పుడు మీ పాత బిన్‌మోడ్ లైన్ తీసేయండి. చాలామంది 'యూజ్ యూటీఎఫ్8' పెట్టేస్తే అయిపోయిందనుకుంటారు. దాని పని స్క్రిప్ట్ ఫైల్‌లో మీరు టైప్ చేసిన తెలుగు అక్షరాల వరకే. బయటి ఫైళ్లతో దానికి సంబంధం లేదు.

డీకోడ్ చేశాక ఇంకో లాభం ఉంది. 'తెలుగు' అన్న మాట పొడవు అడిగితే డీకోడ్ చేయకముందు 18 అంటుంది. చేశాక 6 అంటుంది, ఎందుకంటే గుణింతం గుర్తులు విడిగా లెక్కకొస్తాయి. మనిషి కంటికి కనిపించే 3 కావాలంటే రెగెక్స్‌లో (నమూనా ఇచ్చి వెతికే రాత) బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్‌తో లెక్కపెట్టాలి. ఒత్తుల దగ్గర అదీ తడబడుతుంది. నా 5.36లో 'క్ష'ని రెండుగా లెక్కపెడుతోంది. మీ రిపోర్టులో పేరుని 20 దగ్గర కత్తిరించే లైన్ ఉంటే, ఇన్నాళ్లూ అది 20 బైట్ల దగ్గర, అంటే ఏడో అక్షరాన్ని మధ్యకి కోస్తోందన్నమాట. పేర్ల చివర ప్రశ్నార్థకం గుర్తున్న నల్ల వజ్రాలు కనిపించేవి అంటే అవే ఇవి.

మొత్తాలు తగ్గడం వీటన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అది డబ్బు. ఈ నెల నుంచి డేటా ఎక్సెల్‌లోంచి సీఎస్‌వీగా (కాలమ్‌ల మధ్య కామాలుండే ఫైల్‌గా) తీస్తున్నారన్నారు. అందులో లక్షా ఇరవై అయిదు వేలు "1,25,000" అని కోట్స్ మధ్య వస్తుంది. మీ స్క్రిప్ట్ లైన్‌ని కామా దగ్గర 'స్ప్లిట్' చేస్తోంది కాబట్టి అది మూడు ముక్కలవుతుంది. మొదటి ముక్క కోట్ గుర్తుతో మొదలవుతుంది, దాని విలువ సున్నా. వెనకున్న కాలమ్‌లన్నీ రెండు గళ్లు జరిగిపోతాయి. అడ్రస్‌లో 'ఇం.నెం. 4-52, రామాలయం వీధి' అని ఉన్నా ఇదే గతి. 'టెక్స్ట్ సీఎస్‌వీ' మాడ్యూల్ పెట్టుకోండి, డెబియన్‌లో ప్యాకేజీగానే దొరుకుతుంది. కానీ అక్కడితో అయిపోలేదు. ఇప్పుడు 1,25,000 ఒకే ముక్కగా వస్తుంది, దాన్ని కూడితే పెర్ల్ మొదటి కామా దాకా చదివి 1 అంటుంది. లక్షా పాతిక వేలు ఒక్క రూపాయి! కూడేముందు కామాలు తీసేయాలి.

నాకూ ఒకసారి ఇలాంటి దెబ్బే తగిలింది. కొత్తల్లో ఒక చిన్న పత్రికకి చందాదారుల అడ్రస్ లేబుళ్లు తీసే స్క్రిప్ట్ రాశాను. ఒకే పేరు, ఒకే పిన్‌కోడ్ రెండుసార్లు ఉంటే రెండోది తీసేయాలి. ముందు నా ఊరి లిస్టుతో పరీక్షించాను. పేర్లను వరసలో పెట్టి, పక్కపక్కవి == తో పోల్చాను. పెర్ల్‌లో == అంకెలకు, మాటలకు 'ఈక్యూ' వాడాలి. ఏ తెలుగు పేరునైనా అంకెగా చూస్తే సున్నా. సున్నా, సున్నా సమానం. మా ఊళ్లో అందరి పిన్‌కోడ్ ఎలాగూ ఒకటే. కొన్ని వందల మందిలో ఒకే ఒక్కాయన మిగిలాడు. ప్రింటర్ ఒక్క లేబుల్ తీసి ఆగిపోతే, కాగితం ఇరుక్కుందేమోనని మూత తీసి చూశాను. తర్వాత కేబుల్ మార్చాను. గంటకు పైగా ప్రింటర్‌నే అనుమానించాను. స్క్రిప్ట్‌లో 'యూజ్ వార్నింగ్స్' లేదు, అందుకే పెర్ల్ కిమ్మనలేదు. ఆ ఒక్క లైన్ చేర్చగానే 'ఇది అంకె కాదు' అని తెరనిండా పోసింది.

కాబట్టి మీ స్క్రిప్ట్ పైన 'యూజ్ స్ట్రిక్ట్', 'యూజ్ వార్నింగ్స్' ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ముందు వార్నింగ్స్ ఒక్కటే చేర్చండి. ప్రతి వేరియబుల్‌నీ ముందే ప్రకటించమనేది స్ట్రిక్ట్, పాత కోడ్‌లో అది పెడితే నడవకుండానే చస్తుంది, దాన్ని తీరుబడిగా చేసుకోవచ్చు. ఎర్రర్లు పాతిక వస్తే మొదటిదే చదవండి, మిగతావి దాని పిల్లలు. అది చూపించే లైన్ నంబర్ పెర్ల్‌కి అనుమానం వచ్చిన చోటు మాత్రమే. మూయడం మరిచిన కోట్ పైనెక్కడో ఉండొచ్చు. ఈమెయిల్ అడ్రస్‌ని డబుల్ కోట్స్‌లో రాస్తే @ తర్వాతిది అర్రే (విలువల జాబితా) పేరనుకుంటుంది, అది చూసి కంగారుపడకండి, సింగిల్ కోట్స్‌లోకి మార్చండి.

ఫైల్ తెరిచే చోట 'ఓపెన్' చివర || పెట్టి 'డై' (కుదరకపోతే ఆగిపో) అని రాసి, బ్రాకెట్లు లేకుంటే, ఆ డై ఫైల్ పేరుకి అతుక్కుంటుంది, ఓపెన్‌కి కాదు. ఫైల్ లేకపోయినా చడీచప్పుడు లేకుండా ఖాళీ రిపోర్టు ఇస్తుంది. || బదులు 'ఆర్' అని రాయండి.

ఎక్సెల్ ఫైల్‌తో ఇంకో రెండు కనపడని శత్రువులున్నాయి. విండోస్ లైన్ చివర రెండు గుర్తులుంటాయి. లైనక్స్‌లో 'చాంప్' వాటిలో ఒకదాన్నే తీస్తుంది. మిగిలింది చివరి కాలమ్‌కి అంటుకుని ఉంటుంది, దాంతో పోలిక ఎప్పటికీ కుదరదు. రెండోది, యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని సేవ్ చేస్తే ఎక్సెల్ ఫైల్ మొదట్లో బీఓఎం అనే గుర్తు పెడుతుంది. అది మొదటి కాలమ్ పేరుకి అంటుకుంటుంది. 'సభ్యుని నంబర్' కాలమ్ కళ్లెదుట ఉన్నా హ్యాష్‌లో లేదంటుంది.

వీటిని కంటితో పట్టలేం. ప్రింట్ చేసి చూడటం దండగ, తెర అన్నిటినీ అందంగా దాచేస్తుంది. వేరియబుల్‌లో ఉన్నది ఉన్నట్టు చూపించే 'డేటా డంపర్' మాడ్యూల్ తీసుకుని, దాని 'యూజ్‌క్యూక్యూ' సెట్టింగ్‌ని 1 చేసి, అనుమానం ఉన్న వేరియబుల్‌ని డంప్ చేయండి. 'త' అన్న అక్షరం \340\260\244 అని కనిపిస్తే అది డీకోడ్ కాలేదు. బ్యాక్‌స్లాష్ ఎక్స్, ఫ్లవర్ బ్రాకెట్లలో సీ24 అని కనిపిస్తే అయింది. మొదట్లో \357\273\277 ఉంటే బీఓఎం. చివర బ్యాక్‌స్లాష్ ఆర్ ఉంటే విండోస్ లైన్. నా రోజులో సగం ఈ డంప్‌లు చదవడంతోనే గడుస్తుంది.

డీకోడ్ చేశాక కొత్తగా పుట్టే చిక్కు ఒకటుంది, అదీ చెప్పేస్తాను. రెగెక్స్‌లో అంకెలకి వాడే బ్యాక్‌స్లాష్ డీ తెలుగు అంకెలను కూడా ఒప్పుకుంటుంది. ఎవరో పెద్దాయన మొత్తం గడిలో ౩౫౦ అని కొట్టారనుకోండి, మీ తనిఖీ పాసవుతుంది, కూడికలో మాత్రం సున్నా. రెగెక్స్ చివర చిన్న 'ఏ' జెండా పెడితే 0 నుంచి 9 వరకే ఒప్పుకుంటుంది. నేనైతే తిప్పిపంపను. 'టీఆర్' పెట్టి ౦-౯ ని 0-9 గా మార్చేసి తీసుకుంటాను, ఆయన తప్పేం రాయలేదు కదా.

చేత్తో నడిపితే వస్తోంది, క్రాన్‌లో (టైముకి స్క్రిప్ట్‌ని తానే నడిపేది) రావట్లేదు అని చివర్లో రాశారు. క్రాన్‌కి మీ ప్రొఫైల్ ఫైల్ తెలియదు, మీరు అందులో పెట్టిన పెర్ల్5లిబ్ దారి (మాడ్యూళ్లు ఎక్కడున్నాయో చెప్పేది) కూడా తెలియదు, మొదలయ్యే ఫోల్డర్ కూడా వేరు. ఫైండ్‌బిన్ మార్పు చేస్తే సగం తీరుతుంది. ఇన్‌పుట్ ఫైల్ పేర్లకి పూర్తి దారి ఇవ్వండి, ఎర్రర్లను ఒక లాగ్ ఫైల్‌లోకి మళ్లించండి.

ముందు వార్నింగ్స్ చేర్చి, పాత నెల ఫైల్‌తో ఒకసారి, ఈ నెల ఫైల్‌తో ఒకసారి నడపండి. రెండిట్లో మొదటి వార్నింగ్ ఏమొచ్చిందో, సీఎస్‌వీ మొదటి రెండు లైన్ల డంప్ ఎలా ఉందో ఇక్కడ పెట్టండి. సభ్యుల పేర్లు, ఖాతా నంబర్లు తీసేసి, వాటి స్థానంలో ఏదైనా వేరే తెలుగు మాట పెట్టి డంప్ తీయండి.