98 శాతం వసూలు చూసి నిశ్చింతగా ఉండవచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా మహిళా పొదుపు సహకార సంఘంలో నా పేరున రూ.2,50,000 ఉంది. ఈ మధ్యనే నన్ను డైరెక్టరుగా ఎన్నుకున్నారు. సభ్యులకు ఏడాదిలో నెలవారీ వాయిదాలతో తీరే అప్పులు ఇస్తాం. అప్పుపై 12 శాతం వడ్డీ తీసుకుని, పొదుపుపై 8 శాతం చెల్లిస్తాం. వసూలు 98 శాతమని ఆడిట్ నివేదికలో ఉంది. కానీ చెన్నై వలస వెళ్లిన ఇద్దరు నెలల తరబడి కట్టడం లేదని నాకు తెలుసు. నా డబ్బు తీసేసుకోవాలా? డైరెక్టరుగా నేనేం చూడాలి?

జవాబు: అమ్మా, మీ అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకండి. అప్పుగా ఇచ్చిన వంద రూపాయలు నెలనెలా తీరుతూ వస్తాయి కనుక, ఏడాది పొడవునా సగటున సభ్యుల చేతిలో ఉండేది దాదాపు యాభై రూపాయలే. ఇచ్చిన వందలో రెండు రూపాయలు ఎప్పటికీ రాకపోతే నష్టం అప్పు నిలువలో, అంటే చేతిలో ఉన్న ఆ యాభైలో, నాలుగు శాతం అవుతుంది. 12 లోంచి 8 పోగా మీ సంఘానికి మిగిలేదీ ఆ నాలుగే. ఇక జీతాలు, అద్దె ఎక్కడి నుంచి చెల్లిస్తారు? రాని రెండు శాతం ఆలస్యంగానైనా వస్తోందా, పూర్తిగా మునిగిపోతోందా అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు.

పైగా ఆ 98 ఎలా వచ్చిందో అడగాలి. ఈ నెల రావలసినవి రూ.2,00,000, వచ్చినవి రూ.1,96,000 అనుకుందాం. వచ్చిన దానిలో రూ.14,000 ఎవరో అప్పు ముందుగా తీర్చేయడం వల్ల వచ్చినదైతే, ఈ నెల వాయిదాల అసలు వసూలు 91 శాతమే.

అందుకే వసూలు శాతాన్ని పక్కన పెట్టి, 30 రోజులకు మించి వాయిదా తప్పిన సభ్యుల జాబితా అడగండి. అందులో తప్పిన వాయిదాలతో పాటు, ఆ సభ్యులు ఇంకా తీర్చవలసిన అసలు మొత్తం కూడా ఉండాలి. ఉదాహరణకు అప్పు నిలువ 42 లక్షలు, 14 మంది తప్పిన వాయిదాలు రూ.52,000 అయితే చూడటానికి చిన్న మొత్తమే. కానీ ఆ 14 మంది దగ్గర మిగిలిన అసలు రూ.3,78,000 ఉంటే, ప్రమాదంలో ఉన్నది నిలువలో 9 శాతం. మైక్రోఫైనాన్స్ కంపెనీలైతే, 90 రోజులు దాటి 180 రోజుల లోపు ఉన్న వాయిదాల్లో సగాన్ని, 180 రోజులు నిండినవాటిని పూర్తిగా, లేదా మొత్తం నిలువలో 1 శాతాన్ని, ఏది ఎక్కువైతే దానిని నష్టానికి కేటాయించాలని రిజర్వ్ బ్యాంకు నియమం. ఇది మీ సంఘానికి నేరుగా వర్తించకపోయినా, కొలబద్దగా పనికొస్తుంది.

అసలు పరీక్ష ఆఫీసులో కాదు, సభ్యుల ఇళ్లలో జరగాలి. అప్పుల రిజిస్టరులో ప్రతి పదో ఖాతాను మీరే ఎంచుకోండి. మేనేజరు ఇచ్చిన పేర్లతో వెళ్తే ఆ తనిఖీకి విలువ లేదు. సభ్యురాలి పాస్‌బుక్ చూసి, "ఇంకా ఎంత బాకీ ఉందమ్మా?" అని ముందు ఆమెనే అడగండి. లెడ్జరులోని అంకె మీ నోటి నుంచి ముందుగా రాకూడదు. ఆరు నెలల వాయిదాలు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, తేదీలు కూడా ఒకేలా వాలి ఉంటే, అవి ఒకేసారి కూర్చుని రాసినవేమో ఆరా తీయాలి. ఆమె చెన్నైలో ఉన్న నెలలో రసీదుపై ఆమె సంతకం ఉంటే అదీ అంతే.

రిజిస్టరులో మరొకటి తప్పక చూడండి. రూ.18,500 బాకీ ఉన్న పాత అప్పు 4వ తేదీన తీరినట్టు, అదే రోజు అదే సభ్యురాలికి రూ.20,000 కొత్త అప్పు ఇచ్చినట్టు ఉంటే, చేతులు మారిన నగదు రూ.1,500 మాత్రమే. పాత బాకీ కొత్త బట్ట కట్టుకుంది, వసూలు శాతం పెరిగింది. మార్చి ఆఖరివారం, ఏప్రిల్ మొదటి పక్షం నమోదులను ఈ దృష్టితో ప్రత్యేకంగా చదవండి. మీ వైపు జీడి పంట డబ్బు వేసవిలోనే చేతికి వస్తుంది కనుక, ఒక్క మార్చి 31 నాటి లెక్క కాక సెప్టెంబరు, డిసెంబరు నెలాఖరు లెక్కలు కూడా తెప్పించుకోవాలి.

వాయిదా మార్చడమే తప్పని నేను అనడం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడి, కొబ్బరి తోటలను కూల్చేసినప్పుడు గడువు పొడిగించడం న్యాయం. అయితే అలాంటి అప్పును వేరే జాబితాలో, పాత గడువూ కొత్త గడువూ రెండూ కనిపించేలా ఉంచాలి.

ఇక మీ డబ్బు సంగతి. బ్యాంకు డిపాజిట్లకు ఉన్న 5 లక్షల రూపాయల బీమా ఇలాంటి సంఘాల పొదుపుకు లేదు. కాబట్టి పిల్లల ఫీజులకు, వైద్యానికి అవసరమయ్యే భాగాన్ని గడువు తీరినప్పుడు బ్యాంకుకో పోస్టాఫీసుకో మార్చండి, తనిఖీ పూర్తయ్యేదాకా కొత్తగా వేయకండి. కానీ డైరెక్టరుగా మీకు తెలిసినదాన్ని మిగతా సభ్యులకు చెప్పకుండా గడువుకు ముందే మొత్తం తీసుకోవడం సరికాదు. అది తెలిసిన మరుక్షణం అందరూ ఆఫీసు ముందు నిలబడతారు, బాగున్న అప్పులు కూడా చెడతాయి. తనిఖీలో తేలినది వచ్చే బోర్డు సమావేశంలో రాతపూర్వకంగా పెట్టి, మినిట్సులో నమోదు చేయించి, ఆడిటరు జవాబును సర్వసభ్య సమావేశంలో చదివించమని కోరండి.