ఆరంకెల సంఖ్య గుణగణాలను చేత్తో ఎలా తేల్చాలి?

కంప్యూటర్ సాయం లేకుండా ఒక పెద్ద సంఖ్య ఏ కోవకు చెందుతుందో ఎలా తెలుస్తుందని అడిగారు. డిగ్రీలో గణితం చదివి, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నాన్నగారి కిరాణా కొట్లో కూర్చున్నవాడిని నేను. ఒక సాయంత్రం కరెంటు పోయి బేరాలు లేక, పాత కవరు మీద కనిపించిన మా ఊరి పిన్‌కోడ్ 535002 పని పట్టాను.

చివర 2 ఉంది, సరి సంఖ్య. అంకెల మొత్తం 15 కనుక 3 కూడా భాగిస్తుంది. (15 మాత్రం భాగించదు. కాబట్టి గణితవేత్త కాప్రేకర్ చెప్పిన హర్షద్ సంఖ్యల్లో, అంటే తమ అంకెల మొత్తంతో భాగించబడే సంఖ్యల్లో, దీనికి చోటు లేదు.) 6తో భాగిస్తే 89167 వచ్చింది. 7తో, 11తో చూసి, విసుగొచ్చి, ఇక ఇది ప్రధాన సంఖ్యేనని తేల్చేశాను. దాని వర్గమూలం 298 పైచిలుకు. అంటే 293 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో చూడనిదే ఆ మాట అనకూడదు. తెలిసి చేసిన బద్ధకమే.

పదో తరగతి చదివే మా మేనకోడలు కవరు లాక్కుని 535లోంచి 002 తీసేసింది. 533. "మామయ్యా, ఇది పదమూడు నలభై ఒకట్లు కదా!" అంది. 7×11×13 = 1001 కనుక, మూడేసి అంకెల ముక్కల తేడాను ఆ మూడింటిలో ఏది భాగిస్తే అది అసలు సంఖ్యనూ భాగిస్తుంది; మూడింటి సంగతీ ఒకేసారి బయటపడుతుంది. నేను సరిగ్గా 13 ముందు ఆగిపోయాను! 89167ను 13తో భాగిస్తే 6859. అది 19 ఘనం.

535002 = 2×3×13×19³. ఇది చేతికొస్తే మిగతావి సులువు. ఘాతాలకు ఒకటేసి కలిపి గుణిస్తే 2×2×2×4, మొత్తం 32 భాజకాలు. తనను మినహాయించి మిగతా భాజకాలను కూడితే 6,81,318. సంఖ్యనే మించిపోయింది కనుక అబండెంట్ సంఖ్య.

నాకు బాగా నచ్చింది మరొకటి. 1948లో గణితవేత్త ఎ.కె. శ్రీనివాసన్ ప్రాక్టికల్ సంఖ్యలు అని ఒక రకానికి పేరు పెట్టారు. కొట్టు భాషలో చెబుతాను. భాజకాలన్నీ తూకపు రాళ్లనుకోండి, ఒక్కొక్కటి ఒక్కటే ఉంది, అన్నీ ఒకే పళ్లెంలో వేయాలి. ఆ సంఖ్య వరకు ఏ బరువైనా తూచగలిగితే అది ప్రాక్టికల్. 2, 3 వల్ల వచ్చే రాళ్లు 1, 2, 3, 6. వీటితో 12 గ్రాముల దాకా తూగుతుంది. తర్వాతి రాయి 13 దాటకూడదు. ఇక్కడ సరిగ్గా 13 ఉంది. దాన్ని కలిపితే వచ్చే ఎనిమిది రాళ్లతో (1, 2, 3, 6, 13, 26, 39, 78) 168 దాకా వెళ్లవచ్చు కనుక 19తో ఇబ్బందే లేదు. 13 స్థానంలో 17 ఉండి ఉంటే, 13 గ్రాముల యాలకులు అడిగినవారిని ఉత్త చేతులతో పంపాల్సి వచ్చేది.