హైదరాబాద్‌లో జనం ఎలా ఉన్నారో ప్రభుత్వ డేటాతో తెలుస్తుందా? కరెంట్ యూనిట్లతో మొదలుపెట్టండి

సొంతంగా సర్వే చేసే డబ్బుల్లేవు, గవర్నమెంట్ డేటాతోనే సిటీలో జనం బాగున్నారో లేదో కొలవొచ్చా అని అడిగారు కదా. కొలవొచ్చు, కానీ దయచేసి సిటీ మొత్తానికి ఒకటే స్కోరు తీయకండి. కేంద్రం ఈజ్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్ 2020 అని 111 సిటీలకి ర్యాంకులిచ్చింది, జనాభా పది లక్షలు దాటిన వాటిల్లో హైదరాబాద్‌కి 24 వచ్చింది, సరే, దాంతో ఏం చేసుకోవాలి? కొండాపూర్‌లో ఉన్నోళ్లకీ అదే 24, మూసీ పక్కన ఉన్నోళ్లకీ అదే 24.

నేను మా కాలనీ అసోసియేషన్ వాళ్లు అడిగితే కొన్నాళ్లు ఇదే పని మీద కూర్చున్నా. అన్నిటికంటే పనికొచ్చింది కరెంట్ డేటా. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో సదరన్ డిస్కం (హైదరాబాద్‌కి కరెంట్ పంచే ప్రభుత్వ సంస్థ) పరిధిలోని ఇళ్ల వాడకం నెలనెలా ఉంటది, సర్కిల్, డివిజన్, సెక్షన్, ఏరియా దాకా, మొత్తం సర్వీసులు (అంటే కనెక్షన్లు) ఎన్ని, బిల్లు పడినవెన్ని, యూనిట్లెన్ని అని. యూనిట్లని బిల్లు పడిన సర్వీసులతో భాగించి, ఫిబ్రవరి ఎంత, మే ఎంత అని పక్కపక్కన పెట్టి చూడండి. ఏసీలున్న కాలనీల వైపు మే వచ్చేసరికి గీత నిటారుగా లేస్తది, బస్తీలు ఎక్కువున్న సెక్షన్లలో కాస్త పెరిగి ఆగిపోతది. ఎండ ఇద్దరికీ ఒకటే, మరి రేకుల ఇంట్లో ఫ్యాన్ కింద పడుకున్నోళ్లు దాన్ని ఒంటి మీదే మోస్తున్నారన్నమాట. ఆరోగ్య సర్వేలో ఇంత కింద స్థాయిలో ఈ సంగతి నాకెక్కడా దొరకలేదు.

కాకపోతే రెండు చోట్ల జాగ్రత్త. బస్తీల్లో ఓనర్ మీటర్ ఒకటే, కింద మూడు పోర్షన్లకి సబ్‌మీటర్లు, అప్పుడు సర్వీసుకి యూనిట్లు ఎక్కువ కనిపిస్తయి గానీ మనిషికి చూస్తే తక్కువే. రెండోది, 2024 మార్చి నుంచి గృహజ్యోతి జీరో బిల్లులు మొదలయ్యాయి, అంటే పథకంలో ఉన్న ఇళ్లకి 200 యూనిట్ల దాకా కరెంట్ ఫ్రీ, అందుకని ఆ లోపే ఉండాలని జనం చూసుకుంటారు, కాబట్టి దానికి ముందు నెలల్ని తర్వాత నెలల్ని ఊరికే కలిపేసి గీత గీయొద్దు.

డ్రైనేజీ, చెత్త లాంటి వాటి మీద మున్సిపాలిటీకి వచ్చిన కంప్లైంట్ల డేటా దొరికితే ఎగిరి గంతేయకండి. కంప్లైంట్లు ఎక్కువొచ్చిన చోట కష్టాలు ఎక్కువని అందరూ అనుకుంటారు, నాకైతే ఉల్టా అనిపించింది. యాప్‌లో ఫొటో పెట్టేది పెడితే పని అవుతుందని నమ్మినోళ్లే, బస్తీలో డ్రైనేజీ పొంగితే కార్పొరేటర్ మనిషికి ఫోన్ చేస్తారు, లేదా వాళ్లే కర్ర పట్టుకుని దిగుతారు, అది ఏ రికార్డులోనూ ఎక్కదు. పోలీస్ కేసులదీ ఇదే కథ, ఆడవాళ్లు ధైర్యంగా స్టేషన్‌కి వస్తే కేసుల సంఖ్య పెరుగుతది, ఊరు పాడైనట్టు కాదు.

తలసరి లెక్క వేద్దామంటే జనాభా లెక్కలు ఇంకా 2011 వే, కొత్తవి 2027లో. ఈ మధ్యలో పశ్చిమం వైపు ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో చూస్తూనే ఉన్నాం కదా, అందుకే నేను భాగించడానికి జనాభా బదులు కరెంట్ సర్వీసులే వాడుకున్నా. కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ది మంచిదే, కానీ జిల్లాతో ఆగిపోతది, హైదరాబాద్ జిల్లా అంటే సిటీ మొత్తం కాదు, కూకట్‌పల్లి మేడ్చల్ జిల్లాలోకి పోతది, గచ్చిబౌలి రంగారెడ్డిలోకి. గాలి కాలుష్యం సంగతికి సనత్‌నగర్, జూపార్క్ స్టేషన్ల రీడింగులు రోజూ వస్తయి, ఆ చుట్టుపక్కల వాళ్లకే పనికొస్తది.

మీది వరంగల్ వైపో కరీంనగరో అయితే నార్తర్న్ డిస్కం పేరుతో వెతకండి. ఇంకోటి, ఏరియా పేర్ల స్పెల్లింగు నెలకో రకంగా ఉంటది, ముందు అవి సరిచేసుకోకపోతే ఒకే బస్తీ మూడు సార్లు లెక్కలోకొస్తది.