ఈఎండీఆర్‌కి వెళ్తున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

నీ ఉత్తరం చదివాను. ఆ యాక్సిడెంట్ అయ్యి ఇన్నాళ్ళయినా బ్రేకు కిర్రుమంటే చాలు ఒళ్ళంతా బిగుసుకుపోతోందనీ, రాత్రిళ్ళు అదే కల వస్తోందనీ, ఎట్టకేలకు ఈఎండీఆర్ అనే, కళ్ళ కదలికలతో పాత జ్ఞాపకాల భయం తగ్గించే మానసిక చికిత్స చేసే థెరపిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాననీ రాశావు. చాలా మంచి పని చేశావు. "కళ్ళముందు వేళ్ళు ఊపితే భయం పోతుందా పెద్దమ్మా? ఇదేమైనా హిప్నాటిజమా?" అని అడిగావు కదా. ఏళ్ళ తరబడి థెరపిస్టు కుర్చీలో కూర్చుని ఎంతోమందితో ఈ పని చేసినదాన్ని. నాకు తెలిసింది ఉన్నదున్నట్టు చెప్తాను.

హిప్నాటిజం కాదు. నువ్వు పూర్తి మెలకువతో ఉంటావు, ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆగుతుంది. 1987లో ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికన్ మనస్తత్వవేత్త పార్కులో నడుస్తూ, మనసుని తొలిచేస్తున్న ఆలోచనలు తన కళ్ళు అటూ ఇటూ కదిలాక కాస్త చల్లబడ్డాయని గమనించింది. దాన్ని పద్ధతిగా పరీక్షించి 1989లో మొదటి అధ్యయనం ప్రచురించింది. చాలామంది నిపుణులు కొట్టిపారేశారు. తర్వాత పరిశోధనలు పెరిగాయి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దలకీ పిల్లలకీ ఘోరం జరిగాక మనసుని వదలని భయానికి, అంటే పీటీఎస్‌డీకి ఇచ్చే చికిత్సల్లో దీన్ని చేర్చింది. ఎందుకు పనిచేస్తుందన్న దాని మీద మాత్రం వాదాలు ఇంకా తెగలేదు. నాకు నమ్మకం కుదిరిన వివరణ ఇది: జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని, అదే సమయంలో కదిలే వేళ్ళని కూడా గమనించాలంటే మెదడుకి చోటు చాలదు. అందువల్ల ఆ దృశ్యం పదును తగ్గుతుంది, తగ్గిన పదునుతోనే మళ్ళీ లోపల సర్దుకుంటుంది. అసలు కళ్ళ కదలిక వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదనే పరిశోధకులూ ఉన్నారు. ఆ వాదన తేలేదాకా నువ్వు ఆగక్కర్లేదు. చికిత్స మొత్తంగా మేలు చేస్తుందన్న దానికి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి.

నేను నీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: తొందరపడకు. ఎవరిని అడిగినా కళ్ళు కదపడం గురించే చెప్తారు గానీ ఇందులో 8 దశలున్నాయి, కళ్ళ కదలిక మొదలయ్యేది నాలుగో దశలోనే. అంతకుముందు జరిగేదాన్ని చాలామంది "ఇంకా మొదలుపెట్టలేదేంటి" అని విసుక్కుంటూ భరిస్తారు. నేనైతే చికిత్సలో సగం బలం అక్కడే ఉందంటాను.

మొదట నీ కథ వింటారు. అంతా విప్పి చెప్పాల్సిన పనిలేదు, జరిగిందేమిటో పైపైన తెలిస్తే చాలు. ఈ పద్ధతిలో నాకు ఎంతో నచ్చే సంగతి ఇది. పూసగుచ్చినట్టు చెప్పమని ఎవరూ నిన్ను వేధించరు. ఆ తర్వాత, మనసు అల్లకల్లోలమైనప్పుడు నిన్ను నువ్వు ఎలా కుదుటపరుచుకోవాలో నేర్పిస్తారు. తలుచుకుంటేనే హాయిగా అనిపించే ఒక చోటుని ఊహించుకోమంటారు. మనుషులెవరూ లేని చోటు ఎంచుకో. మనుషులతో పాటు వాళ్ళ తాలూకు గొడవలు కూడా వెంట వస్తాయి. అలాగే ఆపమని చెప్పే సైగ ఒకటి పెట్టుకుంటారు, సాధారణంగా చెయ్యెత్తడం. నువ్వు మొహమాటపడే పిల్లవి కాబట్టి చెప్తున్నాను, మొదటిరోజే ఆ సైగని ఒకసారి ఉత్తినే వాడి చూడు. ఎత్తగానే వాళ్ళు ఆగారా లేదా నీ కళ్ళతో చూసుకుంటే, అసలు సమయంలో చెయ్యి దానంతటదే లేస్తుంది.

మూడో దశలో ఆ రోజు తాలూకు అన్నిటికంటే ఘోరమైన దృశ్యాన్ని ఎంచుకోమంటారు. దాన్ని తలుచుకుంటే నీ గురించి నీకు ఏమనిపిస్తోందని అడుగుతారు. "తప్పు నాదే" అనో "నేను చచ్చిపోతాను" అనో వస్తుంది. దాని బదులు ఏమనుకోగలిగితే బాగుంటుందో అడిగి, ఆ మాట ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 7 దాకా ఒక అంకె చెప్పమంటారు. బాధ ఎంతుందో 0 నుంచి 10 దాకా ఇంకో అంకె. ఆ బాధ ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో కూడా అడుగుతారు. సరైన జవాబు చెప్పాలని తంటాలు పడకు. దవడ బిగుసుకుంటే దవడ అని చెప్పు, ఏమీ తెలియకపోతే ఏమీ తెలియట్లేదని చెప్పు.

ఇక కళ్ళ సంగతి. థెరపిస్టు నీకు సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త పక్కకి జరిగి కూర్చుంటారు. రెండు వేళ్ళు నీ కళ్ళముందు అటూ ఇటూ వెళ్తుంటే, తల కదపకుండా చూపుతోనే వెంబడించాలి. అర నిమిషం అటూ ఇటూగా అయ్యాక ఆపి, "ఊపిరి తీసుకోండి. ఇప్పుడేం తెలుస్తోంది?" అంటారు. నువ్వు ఒకటి రెండు మాటలు చెప్తావు. "సరే, దాంతోనే ఉండండి" అని మళ్ళీ మొదలుపెడతారు. రైలు కిటికీలోంచి చూస్తున్నట్టు ఉండమని నా దగ్గరికి వచ్చినవాళ్ళకి చెప్పేదాన్ని. దృశ్యాలు వచ్చి వెనక్కి పోతుంటాయి, నువ్వు మాత్రం లోపల నీ సీట్లోనే ఉంటావు. యాక్సిడెంట్ నుంచి మనసు ఎక్కడో చిన్నప్పటి సంగతికి గెంతినా వెనక్కి లాక్కురాకు, పోనీ.

అగ్ని ప్రమాదం నుంచి బయటపడ్డ ఒకావిడ నా దగ్గరికి వచ్చేది. మొదట్లో ఆ పొగ పట్టిన తలుపు మొహానికి ఆనుకున్నట్టే ఉందనేది. కొన్ని విడతలయ్యాక "తలుపు దూరం జరిగింది, రంగు వెలిసిపోయింది" అంది. ఇంకాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ, "నేను పిల్లాడి చెయ్యి వదల్లేదండీ. చివరిదాకా పట్టుకునే ఉన్నాను" అంది. ఆ సంగతి ఆవిడకి మొదట్నుంచీ తెలుసు. కానీ తలుపు గుర్తొచ్చిన ప్రతిసారీ భయం ఒక్కటే వచ్చేది, ఆ చెయ్యి గుర్తొచ్చేది కాదు. ఆ రోజు మొదటిసారి రెండూ కలిసి వచ్చాయి. జ్ఞాపకం చెరిగిపోదు తల్లీ. అది జరిగిపోయిన సంగతిగా మారుతుంది.

ఇలాంటప్పుడు కొత్త దృశ్యాలు కూడా పైకి రావచ్చు. వచ్చినవన్నీ అచ్చంగా అలాగే జరిగాయని మాత్రం అనుకోకు. యాక్సిడెంట్ మీద కోర్టు కేసు ఏదైనా నడుస్తుంటే చికిత్స మొదలుపెట్టే ముందే లాయర్‌తోనూ థెరపిస్టుతోనూ మాట్లాడు.

ఫిట్స్ ఉన్నా, కంటి జబ్బులున్నా, గర్భవతివైనా, ఏ మందులు వాడుతున్నా ముందే చెప్పు. ఉన్నట్టుండి చుట్టూ ఉన్నదేదీ నిజం కాదన్నట్టు, నీలో నువ్వు లేనట్టు అనిపించడం ఉంటే తప్పకుండా చెప్పాలి, అప్పుడు తయారీకి ఇంకా ఎక్కువ సమయం పెడతారు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మొదటి సెషన్ దాకా కూడా ఆగకు, ఇవాళే డాక్టరుకి చెప్పు, నాకూ ఫోన్ చెయ్యి. కళ్ళు నొప్పెడితే చేతుల మీద మార్చి మార్చి తట్టడమో, చెవుల్లో ఒకదాని తర్వాత ఒకదానికి శబ్దం వినిపించడమో చేస్తారు.

చుక్క అటూ ఇటూ కదిలే వీడియోలు పెట్టుకుని ఇంట్లో ఒంటరిగా మాత్రం ప్రయత్నించకు. ఆ జ్ఞాపకాన్ని తెరవడం తేలికే. మధ్యలో ఊపిరాడనట్టయితే నిన్ను ఈ గదిలోకి తిరిగి తీసుకురావడానికి పక్కన మనిషుండాలి. మనసు కుదుటపడటానికైతే ఒకటుంది. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా వేసుకుని, అరచేతులతో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు మెల్లగా తట్టుకోవడం. సీతాకోకచిలుక కౌగిలి అంటారు. 1997లో మెక్సికోని పౌలీన్ తుఫాను ముంచెత్తాక అక్కడి పిల్లలతో పనిచేస్తూ లుసీనా ఆర్టిగాస్ అనే థెరపిస్టు దీన్ని తయారుచేసింది. మీ థెరపిస్టు దగ్గరే నేర్చుకుని, సరేనన్నాక వాడు.

థెరపిస్టుని అడగడానికి సంకోచించకు. మానసిక చికిత్స చేయడానికి అర్హత ఉందా, ఈఎండీఆర్‌లో విడిగా శిక్షణ పొందారా, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేశారా అని అడుగు. మంచివాళ్ళు నొచ్చుకోరు. మొదటి పరిచయంలోనే నేరుగా వేళ్ళు ఊపడం మొదలుపెడితే లేచి వచ్చెయ్.

ఎన్ని రోజులు పడుతుందన్నావు. ఒక్క సంఘటనకైతే బ్రిటన్ మార్గదర్శకాలు మామూలుగా 8 నుంచి 12 సెషన్లు అంటాయి. చిన్నప్పట్నుంచీ పేరుకున్న బాధలైతే ఎక్కువే పడుతుంది. ఒక్కో సెషన్ గంట నుంచి గంటన్నర. పని సగంలో ఉండగా టైమైపోతే, నిన్ను కుదుటపరిచాకే పంపాలి. కాళ్ళు నేలకి ఆనిన స్పృహ వచ్చేదాకా కుర్చీలోంచి లేవకు.

ఆ రోజు ఇంటికి నువ్వు బండి నడుపుకుంటూ రావద్దు, ఎవరినైనా తోడు రమ్మను. రెండు మూడు రోజులు కలలు ఎక్కువ రావచ్చు, నీరసంగా ఉండొచ్చు, ఉత్తి పుణ్యానికి ఏడుపు రావచ్చు. అది చెడిపోయిందన్న లెక్క కాదు. వచ్చినవి ఒక చిన్న పుస్తకంలో రెండేసి ముక్కల్లో రాసి పెట్టుకో, తర్వాతి సెషన్‌లో వాటితోనే మొదలుపెడతారు. అప్పటికీ తగ్గకుండా పెరుగుతూ పోతుంటే వారం దాకా ఆగకుండా థెరపిస్టుకి ఫోన్ చెయ్యి. నాలుగైదు సెషన్లయినా ఆ అంకెలు కాస్తయినా కదలకపోతే అదీ దాచకుండా చెప్పు. వేరే పద్ధతులున్నాయి, నీలో లోపమేమీ లేదు.

ప్రేమతో,
పెద్దమ్మ